ఉరిపై తెగని వాదన

మరణశిక్ష ఏ పరిస్థితిలోనూ ఆమోదయోగ్యం కాదంటూ 2018లో పోప్ ఫ్రాన్సిస్ కతోలిక సత్యోపదేశ గ్రంథాన్ని సవరించారు. (వాటికన్ చట్టంలోనే 1969 దాకా ఆ శిక్ష ఉండేది!) అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు 2000లో మరణశిక్షను సమర్థిస్తూ తీర్మానించారు, రోమా పత్రిక 13వ అధ్యాయంలో పాలకుడి చేతనున్న ఖడ్గం వారికి ఆధారం.

మన పొరుగున ఒడిశాలో 1999లో క్రైస్తవ మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు కొడుకులనూ సజీవదహనం చేశారు. హంతకులను క్షమించానన్నారు భార్య గ్లాడిస్. అలాగని చట్టానికి అడ్డుపడలేదు, క్షమ వేరు, శిక్ష వేరు అన్నారు. ఆ కేసులో ప్రధాన దోషి దారా సింగ్‌కు పడిన ఉరిని హైకోర్టు 2005లో యావజ్జీవంగా మార్చింది. సుప్రీంకోర్టు 2011లో దాన్నే ఖాయం చేసింది.

ఈ సంచికలో రెండు వాదనలకూ చోటిచ్చాం. మా మొగ్గు మాత్రం ఉరి వద్దనేవారి వైపే.