సర్వర్ డౌన్ అంటే దర్వాజా బంద్ కానక్కర్లేదు

"సర్వర్ డౌన్, రేపు రండి." ఈ మాట వినని ఖాందాన్ మన పెనుగొండలో ఉండదు. రేషన్ దుకాణంలో, సచివాలయంలో, ఆసుపత్రి కౌంటర్ దగ్గర, ఎక్కడైనా ఇదే జవాబు. మనం సబర్ చేసి ఇంటికొచ్చేస్తాం. కూలికి వెళ్ళే మనిషికి ఆ "రేపు" అంటే ఇంకో రోజు కూలి పోవడమే. సర్వర్లు చూసుకోవడమే నా రోజీ కాబట్టి ఒక మాట సాఫ్‌గా చెప్తాను. కొన్నిసార్లు పని చేయాల్సిన సర్వర్ బాగానే ఉంటుంది. లోపలికి ఎవరిని రానివ్వాలో చెప్పే చోటు పడిపోతుంది. దానికి ముందే చేసుకునే ఇంతెజామ్ ఉంది. చేయకపోవడం గఫ్లతే.

సంగతేమిటంటే, వంద మంది పనిచేసే చోట ప్రతి కంప్యూటర్‌లోనూ వంద పేర్లు రాసుకోవడం తక్లీఫ్. అందుకని పేర్లు, పాస్‌వర్డ్‌లు ఒకే రిజిస్టర్‌లో పెడతారు. దాన్ని డైరెక్టరీ అంటారు. విండోస్‌లో యాక్టివ్ డైరెక్టరీ, లినక్స్‌లో ఎక్కువగా ఎల్‌డాప్. మీరు లాగిన్ అయినప్పుడల్లా కంప్యూటర్ ఆ రిజిస్టర్‌ని "ఈయన మనవాడేనా?" అని అడుగుతుంది. ఫాయిదా పెద్దది. నౌకరీ మానేసిన మనిషి పేరు ఒక్కచోట కొట్టేస్తే అన్ని దర్వాజాలూ మూసుకుంటాయి. నేను దీనికి ఖిలాఫ్ కాదు. లేకిన్ ఆ రిజిస్టర్ దొరకని రోజున గవాహీ చెప్పేవాడు ఉండడు. సొంత ఇంటివాళ్ళే బయట నిలబడతారు.

పెద్ద పెద్ద కంపెనీలకే ఈ ముసీబత్ తప్పలేదు. 2021 అక్టోబరు 4 రాత్రి వాట్సాప్ ఆగిపోయి, గల్ఫ్‌లో ఉన్న పిల్లల ఖబర్ తెలియక అమ్మీలు ఫిక్ర్ పడ్డ సంగతి మీకు యాద్ ఉండే ఉంటుంది. ఫేస్‌బుక్ నెట్‌వర్క్ మొత్తం సుమారు ఆరు గంటలు పడిపోయింది. బాగుచేయడానికి ఇంజనీర్లు వాడే సాధనాలూ అదే నెట్‌వర్క్ మీద ఆధారపడ్డాయి, అవీ పోయాయి. తాళం చెవి గదిలోనే పెట్టి తలుపు లాగేసుకున్నట్టయింది.

ఇంకో కిస్సా వినండి. డెన్మార్క్‌కి చెందిన మేర్స్క్ ఓడల కంపెనీ మీద 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ పడింది. వాళ్ళ డైరెక్టరీ సర్వర్లు సుమారు 150. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని భరోసా. అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటంతో అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్కటి మిగిలింది, ఘనా దేశంలో. కారణం? ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి, ఆ మిషన్ నెట్‌వర్క్‌కి దూరంగా ఉంది! అక్కడి నెట్ లైను నెమ్మది కాబట్టి ఆ కాపీని మనుషులే నైజీరియా మీదుగా ఇంగ్లండ్‌కి మోసుకెళ్ళారు. అంత పెద్ద కంపెనీని ఒక కరెంటు కోత కాపాడింది. అది కిస్మత్. కిస్మత్‌ని ఇంతెజామ్ అనుకోకూడదు.

మరి ఏం చేయాలి? మొదటిది, కంప్యూటర్‌కి జ్ఞాపకం ఇవ్వాలి. ఇంతకుముందు లాగిన్ అయిన మనిషి పాస్‌వర్డ్‌ని కాకుండా, దాని నుంచి తీసిన ఒక గుర్తుని అది దాచుకోగలదు. కేంద్రం దొరకకపోతే దాన్ని చూసి లోపలికి రానిస్తుంది. విండోస్ మామూలుగా ఆఖరి 10 మందిని ఇలా గుర్తుపెట్టుకుంటుంది. లినక్స్‌లో ఎస్ఎస్ఎస్‌డీ అనే ప్రోగ్రాం ఈ పని చేస్తుంది, మనం చెప్తేనే చేస్తుంది. రెండోది, కేంద్రంతో సంబంధం లేని ఒక లోకల్ ఖాతా ప్రతి సర్వర్‌లోనూ జరూర్ ఉండాలి. దాని పాస్‌వర్డ్ సీలు వేసిన కవర్‌లో ఇద్దరు జిమ్మేదార్ మనుషుల దగ్గర అమానత్‌గా ఉండాలి. ఎప్పుడు తెరిచినా లెక్క రాయాలి. మూడోది, ఏడాదికి రెండుసార్లయినా కావాలని డైరెక్టరీ లైను తీసేసి లాగిన్ అయి చూడాలి. ఇమ్తిహాన్ పెట్టని చాబీ మీద భరోసా వద్దు.

"తీసేసిన మనిషి పాత జ్ఞాపకంతో దూరిపోతే?" అని అడుగుతారు. వాజిబైన సవాలే. అందుకే ఎస్ఎస్ఎస్‌డీలో ఆ జ్ఞాపకానికి రోజుల మియాద్ పెట్టొచ్చు. డబ్బు, మందుల రికార్డులు ఉన్నచోట మియాద్ తగ్గించండి. ఖతరా ఉందని అత్యవసర దర్వాజానే గోడ కట్టి మూసేయడం అక్లు కాదు.

మన రాష్ట్రంలో రేషన్ దుకాణాలకి ఈ-పాస్ మిషన్లు 2015లో వచ్చాయి. వేలిముద్రలు అరిగిపోయిన నానీమాల కోసం వీఆర్వో తన వేలు పెట్టి బియ్యం ఇప్పించే రాస్తా పెట్టారు. మంచిదే. కానీ వీఆర్వో వేలిని కూడా పోల్చేది ఆ దూరపు ఆధార్ కేంద్రమే. లైను లేకపోతే నానీమా వేలూ పనికిరాదు, వీఆర్వో వేలూ పనికిరాదు. రెండు చాబీలు కనిపిస్తున్నా తాళం ఒక్కటే. తుఫాను వస్తే మన డెల్టాలో ముందు పోయేవి కరెంటు, కేబులు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తీరం దాటింది మన నరసాపురం దగ్గరే. అలాంటి రోజుల్లోనే బియ్యం, మందులు ఎక్కువ జరూరత్. కార్డు చూసి, రిజిస్టర్‌లో దస్తఖత్ తీసుకుని ఇచ్చేసి, లైను వచ్చాక మిషన్‌లో ఎక్కించుకునే హుకుం ముందే ఉండాలి.

హైదరాబాద్‌లో, రియాద్‌లో, దుబాయ్‌లో సర్వర్లు చూసే మన పిల్లలు ఎందరో. వాళ్ళని అడగండి: "బేటా, మీ డైరెక్టరీ రేపు పడిపోతే నువ్వు లోపలికెలా వెళ్తావు? చివరిసారి ఎప్పుడు పరీక్షించావు?" మన స్కూలు కమిటీల్లో, దవాఖానాల్లో కంప్యూటర్లు పెట్టిన పెద్దలనీ ఇదే అడగండి. జవాబు లేకపోతే, రేపు బయట నిలబడేది వాళ్ళు కాదు, లైన్లో ఉన్న గరీబు.