ఇస్తాంబుల్‌లో అమ్మీకి దొరికిన సఫ్



ఇస్తాంబుల్ సఫర్ నుంచి తిరిగొచ్చి నెల కాలేదు. కలిసిన వాళ్ళందరిదీ ఒకటే సవాల్: "ఏమేం చూశారు భాయ్, ఏమేం తిన్నారు?" చెప్తాను. ఆ తర్వాత నేనూ ఒక సవాల్ అడుగుతాను, నారాజ్ కాకండి.

యూరప్ ఒడ్డున ఎమినోను రేవు ఉంది. అక్కడ చేపను కాల్చి, రొట్టెలో ఉల్లిపాయతో పెట్టి, నిమ్మరసం పిండి ఇస్తారు. మసాలా లేదని అమ్మీ మొదట మొహం ముడిచింది, తర్వాత ఇంకోటి అడిగి తిన్నది. వాళ్ళ చోర్బా మన షోర్వాయే, వాళ్ళ హెల్వా మన హల్వాయే. "పరాయి ఊళ్ళా లేదు బేటా" అంది.

ఇంతలో జొహర్ అజాన్ అయింది. రేవు పక్కనే యెనీ జామీ. 1597లో ఆ మస్జిద్ పని మొదలుపెట్టించింది సఫియే సుల్తాన్. మధ్యలో ఆగిపోయిన పనిని 1660లలో పూర్తి చేయించింది తుర్హాన్ సుల్తాన్. ఇద్దరూ సుల్తానులను కన్న తల్లులు. అమ్మీ, నా బీవీ, బేటీ వజూ చేసుకుని ఔరతుల జాగాలో నిలబడ్డారు. బయటికొచ్చాక చూస్తే అమ్మీ కళ్ళు తడిగా ఉన్నాయి. హజ్ ఇంకా నసీబ్ కాలేదు. అరవై నాలుగేళ్ళ జిందగీలో మస్జిద్‌లో జమాత్‌తో చదివిన మొదటి నమాజ్ అది.

తర్వాత స్టీమరెక్కి, చిన్న గాజుగ్లాసుల్లో చాయ్ తాగుతూ బాస్ఫరస్ దాటి ఆసియా ఒడ్డున ఉస్కుదార్‌లో దిగాం. దిగగానే ఎదురుగా మిహ్రిమా సుల్తాన్ మస్జిద్. సులేమాన్ బాద్‌షా బేటీ కట్టించింది, 1548లో పూర్తయింది, నక్షా మిమార్ సినాన్‌ది. అసర్ అక్కడ. రెండు ఖండాల్లోనూ మా అమ్మీకి సఫ్ దొరికింది. పుట్టి పెరిగిన మొహల్లాలో మాత్రం దొరకలేదు.

ఇప్పుడు నా సవాల్. మన మస్జిద్‌లో మన తల్లులకు జాగా ఎందుకు లేదు?

"ఔరత్‌కి ఇంట్లో నమాజే అఫ్జల్" అంటారు. మానుతాను. అఫ్జల్ అంటే ఇంకోటి హరామ్ అని మానే కాదు కదా. అల్లాహ్ దాసీలను అల్లాహ్ మస్జిద్‌ల నుంచి ఆపొద్దని మన నబీ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) చెప్పిన హదీస్ బుఖారీలోనూ ఉంది, ముస్లింలోనూ ఉంది. "మన మజ్‌హబ్ వేరు" అనడానికీ వీల్లేదు. తుర్కులలో ఎక్కువమంది మనలాగే హనఫీలు. ఔరతులు మస్జిద్‌లోకి రావడానికి ఇజాజత్ ఉందని 2020లో ముస్లిం పర్సనల్ లా బోర్డే సుప్రీంకోర్టుకు చెప్పింది.

"ఫిత్నా" అంటారు. ఈద్ ముందు రాత్రి బట్టల బజారులో వేలమంది మధ్య మన ఔరతులు నడిస్తే రాని ఫిత్నా, పర్దా వెనక సజ్దా చేస్తే వస్తుందా?

"జాగా లేదు" అంటారు. కింద దుకాణాలు కట్టడానికి దొరికింది. ఏసీలకు చందా దొరికింది. ఆ చందాలో మా అమ్మీ పొదుపు డబ్బులూ ఉన్నాయి.

మొన్న పట్నం బజారుకెళ్ళాం. మగ్రిబ్ అయింది. నేను లోపలికెళ్ళి నమాజ్ చదువుకొచ్చాను. అమ్మీ, బీవీ, బేటీ సంచులు పట్టుకుని గేటు బయట నిలబడ్డారు. ఇంటికొచ్చేసరికి వాళ్ళ మగ్రిబ్ ఖజా అయిపోయింది. ఈ గునాహ్ ఎవరి హిసాబ్‌లో రాయాలి?

నేను అడిగేది మీనార్ కాదు, గుంబద్ కాదు. ఒక గది, ఒక నల్లా, ఒక పర్దా. వచ్చే జుమా తర్వాత మా కమిటీని ఇదే అడగబోతున్నాను. మీరు మీ మొహల్లాలో అడగండి. ఇస్తాంబుల్ ఫొటోలు తర్వాత చూపిస్తాను.