సాకే మనిషిని సాకేదెవరు?

కువైట్‌లో ఇంటిపనికి వచ్చిన మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లను ఏం చేస్తున్నావమ్మా అని అడగండి. 'ఏముందన్నా, ఖద్దామా పని' అని గొంతు తగ్గించి చెబుతారు. ఆ పని మీదే ఓ ఫిలాసఫీ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి ఆలోచించి పుస్తకాలు రాసిందంటే నమ్మకపోవచ్చు.

ఆవిడ ఈవా ఫెడర్ కిట్టే. 1946లో స్వీడన్‌లో, నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడ్డ యూదు దంపతులకు పుట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ యూనివర్సిటీలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. 1987లో రాసిన పుస్తకం భాషలోని రూపకాల గురించి. అక్కడే ఆగిపోయుంటే మనకు ఆవిడతో పనే లేదు. కానీ ఆవిడ కూతురికి పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. మాటలు రావు, తిండి, స్నానం అన్నిటికీ ఒకరుండాలి. అందుకు జీతానికో ఆయాను పెట్టుకున్నారు.

1999లో 'లవ్స్ లేబర్' రాశారు. సమానులైన మనుషుల మధ్య ఒప్పందం లాంటిదే న్యాయమని జాన్ రాల్స్ అన్నాడు. మరి పసిబిడ్డ, మంచాన పడ్డ ముసలాయన, వాళ్లను చూసుకునే ఆడమనిషి ఈ లెక్కలో ఎక్కడున్నారని కిట్టే అడిగారు. ఇంకొకరి అవసరం కోసం తన అవసరం పక్కనబెట్టే మనిషి పోటీలో వెనకబడి తీరుతుంది. ఆమెను ఆదుకోవడం దయ కాదు, న్యాయం అంటారావిడ. మన పురిటి ఆచారం చూడండి: బిడ్డను తల్లి చూస్తే తల్లిని అమ్మమ్మ చూస్తుంది. ఆ పద్ధతే సమాజం మొత్తానికీ ఉండాలని ఆవిడ వాదన. బాలింతకు తోడుండే 'దూలా' పేరు మీద దానికి 'దూలియా' అని పేరు పెట్టారు. సొంత పిల్లల్ని వదిలి పరాయి పిల్లల్ని పెంచే వలస తల్లుల గురించీ తర్వాత రాశారు.

నాకు ఒక్కచోటే పేచీ. ఆయాకూ ఆ ఇంటికీ కుదిరిన ప్రేమ గురించి ఆవిడ గొప్పగా రాస్తారు. గల్ఫ్‌లో మాత్రం 'నువ్వూ మా ఇంటి మనిషివే' అన్న మాట చాలాసార్లు సెలవును మింగేస్తుంది. వారానికో రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని కువైట్ 2015లోనే చట్టం చేసింది. పాస్‌పోర్టు సేఠ్ బీరువాలో ఉన్న పిల్లకి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

మగవాళ్లం మనం తక్కువేం తినలేదు. ఇక్కడ నిశ్చింతగా డ్యూటీ చేస్తున్నామంటే ఊళ్లో మన అమ్మకు మందులేసేది ఎవరో ఉన్నారు. 'ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నావ్' అని ఫోన్‌లో కసిరేదీ ఆమెనే. ఈసారి డబ్బు పంపేటప్పుడు ఆమె సొంత ఖాతాలో విడిగా కొంత వేయండి. ఎంత అన్నది ఆమెనే అడగండి.