చూసే కళ్లు సరే, పలికే నోరేది?



జార్జియా దేశంలో ఖుర్వలేటి అనే చిన్న పల్లె ఉంది. ఆ పల్లెను చీల్చుకుంటూ ముళ్లకంచె పోతుంది. కంచెకు ఇవతల జార్జియా ప్రభుత్వం. అవతల రష్యా సైన్యం అండతో నడిచే దక్షిణ ఒస్సేటియా. 2008 ఆగస్టులో జరిగిన అయిదు రోజుల యుద్ధం తర్వాత ఏటికేడు బిగుసుకుంటూ వచ్చిన గీత ఇది. పశువులను వెతుక్కుంటూనో, కట్టెల కోసమో గీత దాటిన పల్లెవాసులను పట్టుకుపోయి నిర్బంధించడం అక్కడ మామూలైపోయింది.

ఈ గీతకు ఇవతలి వైపున కొందరు పరిశీలకులు గస్తీ తిరుగుతుంటారు. వాళ్ల దగ్గర ఆయుధాలు ఉండవు. చూసింది రాసుకుంటారు, పై వారికి తెలియజేస్తారు. యూరోపియన్ యూనియన్ పంపిన ఈ బృందం 2008 అక్టోబరు 1న పని మొదలుపెట్టింది. అంతకు ముందే, 2005లో, మాల్దోవా, ఉక్రెయిన్ సరిహద్దులో దొంగరవాణాను అరికట్టడానికి ఒక బృందాన్ని యూనియన్ నిలిపింది. 2009లో ఉక్రెయిన్, మాల్దోవా, బెలారస్, జార్జియా, ఆర్మేనియా, అజర్‌బైజాన్‌లతో ‘తూర్పు భాగస్వామ్యం’ మొదలుపెట్టింది. 2023 ఫిబ్రవరిలో ఆర్మేనియాకూ పరిశీలకులను పంపింది. 2024 మే నెలలో మాల్దోవాతో భద్రతా, రక్షణ ఒప్పందం చేసుకుంది.

ఎక్కడో ఉన్న ఆ దేశాల సంగతి మనకెందుకు అని అడిగేవారు ఉండవచ్చు. ఉక్రెయిన్‌లో, జార్జియాలో, ఆర్మేనియాలో మన తెలుగు పిల్లలు వైద్యం చదువుకోవడానికి వెళ్లారు. 2022లో ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తినప్పుడు మెట్రో సొరంగాల్లో తలదాచుకున్నవారిలో మన పిల్లలూ ఉన్నారు. ఖార్కివ్‌లో కర్ణాటక విద్యార్థి ఒకరు ప్రాణం కోల్పోయాడు. పైగా ఆర్మేనియాకు పినాక రాకెట్లు అమ్మింది మన దేశమే. కనుక ఇది మనకు పట్టని గొడవ కాదు.

ఆయుధం లేని పరిశీలకుడి పనిని మేము చులకన చేయడం లేదు. జార్జియాలో ఎవరైనా నిర్బంధానికి గురైతే ఇరుపక్షాలు వెంటనే మాట్లాడుకోవడానికి ఆ బృందం నడిపే ఫోను లైను ఉంది. ఎర్గ్‌నేటి అనే చోట ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టే సమావేశాలు జరుగుతున్నాయి. చూసేవాడు ఒకడు ఉన్నాడంటే అబద్ధం ఆడటం కొంత కష్టమవుతుంది. అది చిన్న మేలు కాదు.

కానీ ఆ మేలుకు హద్దు ఉంది. జార్జియాలో పరిశీలకులను కంచెకు అవతలికి రానివ్వరు. ఆర్మేనియాలోనూ వారు సరిహద్దుకు ఒక వైపే తిరుగుతారు. అజర్‌బైజాన్ తన వైపుకు అనుమతించలేదు. వారు ఆర్మేనియాలో గస్తీ తిరుగుతున్న 2023లోనే నాగోర్నో కరబఖ్‌కు వెళ్లే లాచిన్ దారి మూతబడి, అక్కడి జనం తిండికీ మందులకూ అల్లాడారు. సెప్టెంబరులో అజర్‌బైజాన్ సైన్యం దాడి చేసింది. కొద్ది రోజుల్లోనే లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు ఇళ్లు విడిచి వచ్చేశారు. శాంతి కాపాడతామని 2020 నుంచి అక్కడే సాయుధంగా నిలిచిన దాదాపు రెండు వేల మంది రష్యా సైనికులు కూడా వారిని కాపాడలేదు.

మరి యూరప్ ఎందుకు గట్టిగా నిలబడలేకపోయింది? 2022 జూలైలో యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయెన్ బాకు వెళ్లి, అజర్‌బైజాన్ గ్యాసు దిగుమతిని 2027 నాటికి రెట్టింపు చేసుకునే ఒప్పందంపై సంతకం చేశారు. రష్యా గ్యాసు మానుకోవాలంటే మరో పొయ్యి వెతుక్కోక తప్పలేదన్నది వారి వాదన. అయితే ఒక చేత్తో పరిశీలకులను పంపి, మరో చేత్తో గ్యాసు కొంటే, మందలించాల్సిన నోరు సగం మూతపడుతుంది. సాక్షి చూడటంతో పని ముగియదు. చూసిన నిజం చెప్పాలి. చెప్పినందుకు వచ్చే నష్టం భరించాలి.

ఇక్కడ మన సంఘాలకు ఒక మాట. దీన్ని క్రైస్తవులకూ ముస్లిములకూ మధ్య పోరుగా చెప్పే సందేశాలు మన ఫోన్లకు వస్తుంటాయి. వాటిని నమ్మి పంచకండి. జార్జియా, ఉక్రెయిన్, రష్యా మూడింటా ఆర్థడాక్స్ క్రైస్తవులే అధికం. 1990ల తొలినాళ్లలో ఆర్మేనియా బలగాల చేతిలో లక్షలాది అజర్‌బైజానీలు ఊళ్లు పోగొట్టుకున్నారు. వారిదీ కన్నీరే. ఒక పక్క కన్నీటిని మాత్రమే లెక్కించేవాడు న్యాయం అడగలేడు.

2025 ఆగస్టులో వాషింగ్టన్‌లో ఆర్మేనియా, అజర్‌బైజాన్ విదేశాంగ మంత్రులు శాంతి ఒప్పందం ముసాయిదాపై పొడి సంతకాలు చేశారు. తుపాకులు ఆగితే మేమూ సంతోషిస్తాం. అయితే ఉమ్మడి సరిహద్దు వెంట మూడో పక్షం బలగాలు ఉండరాదన్న షరతు అందులో ఉంది. అది పరిశీలకులకూ వర్తిస్తే ఉన్న కళ్లు కూడా ఉండవు. ఇళ్లు విడిచి వచ్చినవారు తిరిగి వెళ్లే మాట ఆ కాగితంలో లేదు.

మేము అడిగేది పెద్ద కోరిక కాదు. గీతకు ఇరువైపులా పరిశీలకులు తిరగాలి. వారు రాసింది జనం చదవగలగాలి. ఇల్లు పోయినవాడు ఏ భాష మాట్లాడినా, ఏ గుడికి వెళ్లినా, తిరిగి వెళ్లే హక్కు వాడికి ఉండాలి. ఇక ఆయుధాలు అమ్ముతున్న మన దేశాన్నీ, ఆ దేశపు పౌరులుగా మనల్నీ ఇదే ప్రశ్న అడుగుదాం: మనం అమ్మినవి ఎవరి పల్లెపై పడతాయో తెలుసుకునే బాధ్యత మనకు లేదా?