చికాకోలు మసీదు మనది కాదా?

ఏటేట రథసప్తమికి బరంపురమునుండి మన కుటుంబములు అరసవల్లి పోవుచుండును. కొందరు రైలులో ఆమదాలవలస వరకు పోయి దిగుదురు. కొందరు బస్సు మాటాడుకొని ఇచ్ఛాపురము, పలాస మీదుగా పోవుదురు. సూర్యనారాయణమూర్తి దర్శనము, పిమ్మట శ్రీకూర్మము, తీరికయున్న ముఖలింగము. అంతటితో యాత్ర ముగియును. మేమును ఇట్లే పెక్కుసార్లు పోయితిమి. శ్రీకాకుళము పట్టణములో 1641 లో కట్టిన జామియా మసీదు కలదని ఎరిగియు, ఒక్కనాడైన బండి ఆపుడని అడిగినవారము కాము.

క్రిందటి ఏడు ఆగితిమి. తిరిగివచ్చి, మన సంచికలో ఆ మసీదును గూర్చియు ఒక వ్యాసముండిన బాగుండునని చెప్పగా, మిత్రుడొకడు ‘అది మన సంస్కృతి ఎట్లగునండీ?’ అనెను. చుట్టునున్నవారు తల యూచిరి. మాకు ఆ తల యూపు ఆ ప్రశ్నకన్న ఎక్కువ కష్టముగా తోచెను.

1936 ఏప్రిలు 1 వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు చికాకోలు తాలూకా గంజాము జిల్లాలోనిదే. ఆ దినమున జిల్లాను చీల్చి దానిని విశాఖపట్టణము జిల్లాలో కలిపిరి. శ్రీకాకుళము జిల్లా 1950 ఆగస్టు 15 న పుట్టినది. అనగా మన తాతలకు ఆ మసీదు సొంత జిల్లాలోని కట్టడము. అంతకు పూర్వము మన గంజాము సీమయే చికాకోలు సర్కారులో భాగము. 1753 లో సలాబత్ జంగు ఫ్రెంచివారికి ఇచ్చినప్పుడును, 1765 లో ఇంగ్లీషువారు ఢిల్లీ పాదుషా వద్ద ఫర్మానా పొందినప్పుడును మన నేల చికాకోలు పేరుననే చేతులు మారెను.

మసీదును కట్టించినవాడు షేర్ మహమ్మద్ ఖాను. గోలకొండ కుతుబ్‌షాహీల తరపున అచ్చటికి వచ్చిన మొదటి ఫౌజుదారు. ఆ ఫౌజుదారుల కచేరీలు పోయినను వారి మాటలు పోలేదు. మేము ఉద్యోగకాలమంతయు వ్రాసిన కాగితములలో తహసీలు, జమాబందీ, దాఖలా, రసీదు, అర్జీ అను మాటలు లేని దినము లేదు. అవి తెలుగునకును ఒడియాకును ఉమ్మడి సొత్తు. గుమాస్తా అను మా ఉద్యోగపు పేరే పారసీ! అచ్చతెలుగు కావ్యములలో మొదటిదని మనము సభలలో పొగడు యయాతి చరిత్రను పొన్నెగంటి తెలగన అంకితమిచ్చినది ఎవ్వరికి? అమీన్‌ఖానునకు గదా. ఆయన కుతుబ్‌షాహీల కొలువులోనివాడే. కావ్యము మనది, కృతిపతి మాత్రము పరాయివాడందుమా?

మా మిత్రుని పక్షమున బలమైన మాట ఒకటి కలదు. ఈ ఫౌజుదారుడే అరసవల్లి ఆలయమును పాడుచేసెననియు, అర్చకులు మూలవిగ్రహమును బావిలో దాచిరనియు అచ్చట చెప్పుకొందురు. దానిని మరువుడని మేమనము. యాత్రికులకు ఆ కథ చెప్పవలసినదే. అతడు కప్పము వసూలు చేయ వచ్చిన సేనాని, సాధువు కాడు. మరి మనము పొగడు గాంగులు, గజపతులు కత్తి పట్టకయే ఏలిరా? ఒకని కత్తిని మూడువందల ఎనుబది ఏండ్ల తరువాత ఆ వీధిలో టీ అమ్ముకొనువాని మెడకు తగిలించుట ఏ న్యాయము?

మనము ఇచ్చట ఏమి కోరుచున్నాము? మన పిల్లలకు తెలుగు చదువు కావలెననియు, ఈ ఊరి చరిత్రలో మన పాలు వ్రాయవలెననియు అర్జీలు పెట్టుచున్నాము. వి. వి. గిరిగారు 1894 లో పుట్టినది బరంపురములోనే యని ప్రతి సభలోను చెప్పుచున్నాము. పట్టుచీరకు పేరు తెచ్చినది మన నేతగాండ్రనియు చెప్పుచున్నాము. ‘వీరు వచ్చినవారు, వీరి సంగతి మనకెందుకు’ అని ఎవరైన అనిన మన కడుపు మండును. ఆ మాటనే మనము చికాకోలు సాయిబులను గూర్చి అన్నచో, మన అర్జీకి విలువ ఏమి?

ఆ దినము నమాజు ముగియువరకు వెలుపల నిలిచి, చెప్పులు విడిచి, కాళ్లు కడుగుకొని, అనుమతి పొంది లోనికి పోయితిమి. వృద్ధుడొకరు ‘ఏ ఊరు బాబూ?’ అని తెలుగుననే అడిగిరి. బరంపురమనగానే ఆయన నవ్వి, ‘మా తాతల నాడు మీదీ మాదీ ఒకటే జిల్లా కదేటి!’ అనిరి. మన సభ్యులలో ఎందరికి జ్ఞాపకమున్నదో కాని, ఆయనకు ఉన్నది. తాగుటకు మంచినీళ్లు తెప్పించి, మమ్ము వీధి చివరవరకు సాగనంపిరి.

వచ్చే రథసప్తమికి బస్సు మాటాడువారికి మా మనవి. పండుగనాటి రద్దీలో సాధ్యపడదు. రాత్రి అచ్చటనే నిలిచి మరునాడు పోవచ్చును. మరునాడు శుక్రవారమైన మధ్యాహ్నము నమాజు వేళ తప్పింపవలెను. అదనపు బాడుగ మేమిచ్చెదము. తల యూచిన మిత్రులకు ముందు వరుసలో సీట్లు ఉంచుడు.