ఫోర్సిథియా పూసిందంటే

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో ఇళ్ల ముందు ఒక పొద నిలువెల్లా పసుపు రంగుకు తిరుగుతుంది. ఆకు ఒక్కటీ ఉండదు. ఎండుపుల్లల్లాంటి కొమ్మల నిండా నాలుగేసి రేకుల పూలు. అదే ఫోర్సిథియా, తూర్పు ఆసియా నుంచి వెళ్లిన మొక్క. ఆ పూత చూడగానే లాన్ ఉన్నవాళ్లు క్రాబ్‌గ్రాస్ అనే కలుపుకు వేసే మందు బయటికి తీస్తారు. పూలు రాలిపోయేలోపు చల్లెయ్యాలన్నది అక్కడ ఎన్నాళ్లుగానో ఉన్న లెక్క.

ఈ తొందర దేనికో తెలియాలంటే ఆ కలుపు సంగతి తెలియాలి. క్రాబ్‌గ్రాస్ ఒక్క ఏడాది బతికే మొక్క. మంచు పడగానే తల్లిమొక్క చస్తుంది, రాలిన గింజలు మట్టిలో చలికాలం గడుపుతాయి. పైమట్టి వేడి 55 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర, అంటే దాదాపు 13 సెల్సియస్ దగ్గర, కొన్ని రోజులు వరుసగా నిలిస్తే మొలక మొదలవుతుంది. చల్లే మందు గింజను చంపదు. మొలిచే వేరును ఎదగనివ్వదు, అంతే. అందుకే ముందుగా చల్లి, నీళ్లు పెట్టి, పైమట్టిలో పొరలా నిలపాలి. మొలకెత్తి ఆకులేశాక ఈ మందులు చాలావరకు దండగ. మరీ ముందే చల్లితే కలుపు ఇంకా మొలుస్తుండగానే దాని బలం తగ్గిపోతుంది. ఇలాంటి మందు మన రైతులకు కొత్తేమీ కాదు. పత్తి, వేరుశనగ విత్తిన ఒకటి రెండు రోజుల్లో కొట్టే పెండిమిథాలిన్‌నే అక్కడ లాన్‌లకూ వాడతారు.

మరి క్యాలెండర్ ఉండగా పువ్వును చూడడం దేనికి? ఫోర్సిథియా మొగ్గ అంతకుముందు వేసవిలోనే కడుతుంది. చలి సరిపడా పట్టాక, ఆ తర్వాత కొంత వెచ్చదనం కూడాక విచ్చుకుంటుంది. చలి ఆలస్యంగా వదిలిన ఏడు పూత ఆలస్యం, తొందరగా వదిలితే పూత కూడా తొందర. తారీఖుకు ఈ తేడా తెలియదు. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఒకటుంది: ఆ పువ్వు రాబోయేదాని గురించి జోస్యం చెప్పడం లేదు, అప్పటికి జరిగినదాన్ని చూపిస్తోంది.

అయినా అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయాలవాళ్లు పువ్వును గుడ్డిగా నమ్మమనరు. మొగ్గ గాలి వేడికి కదులుతుంది, గింజ మట్టి వేడికి కదులుతుంది. దక్షిణపు ఎండ తగిలే గోడ పక్కన పొద ముందే పూస్తుంది. ఒక్కోసారి శరదృతువులో నాలుగు రోజులు వెచ్చగా ఉంటే అకాలంగా నాలుగు పూలు పూస్తుంది. కారు దారి అంచున గడ్డి పలచగా ఉన్నచోట మట్టి త్వరగా వేడెక్కి, కలుపు అక్కడే మొదట మొలుస్తుంది. కాబట్టి మట్టిలో గుచ్చి చూసే థర్మామీటర్ కూడా పెట్టుకోమంటారు. పూతల లెక్క రాసిపెట్టడమూ అక్కడ ఉంది: 1950ల నుంచి లైలాక్ అనే పొద పూసిన తేదీలను ఊరూరా రాసి పెడుతున్న దేశం అది. ఆ పని ఇంకా విస్తరించడానికి 2007లో జాతీయ ఫినాలజీ (రుతువులతో మొక్కల్లో, జంతువుల్లో వచ్చే మార్పుల అధ్యయనం) నెట్‌వర్క్ కూడా ఏర్పాటైంది.

అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఒక మాట. డాలస్ వైపు ఉన్నవాళ్లు న్యూజెర్సీ స్నేహితుడి తారీఖు పట్టుకోకండి, మీ దగ్గర పని ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. గడ్డి గింజ చల్లుదామనుకున్న చోట ఈ మందు వెయ్యకండి, దానికి మీ గడ్డి కూడా మొలవదు.

ఇక మన నేలకు వస్తే ఆ పువ్వు, ఆ లెక్క పనికిరావు. మన లాన్‌లను పీడించేది తుంగ. అది మట్టిలోని గడ్డల నుంచి లేస్తుంది, మొలకను ఆపే మందుకు లొంగదు. పైగా మన ఖరీఫ్‌ను నడిపేది వేడి కాదు, వాన. మనకు కార్తెలున్నాయి. తరతరాల అనుభవం వాటి వెనక ఉంది, దాన్ని తీసిపారెయ్యను. కానీ మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది, వాన మాత్రం అలా రాదు. కార్తె వచ్చిందని పొడిదుక్కిలో పత్తి గింజలు పెట్టి, వాన మొహం చాటేస్తే మళ్లీ విత్తనాలు కొనుక్కునే రైతులు తెలంగాణలో ఏటా కనబడతారు. నేల బాగా తడిసేదాకా ఆగమని శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. కార్తె తారీఖు చెబుతుంది, నేల స్థితి నేలలోకి చెయ్యి పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

పువ్వుల సూచనలు మనకూ లేకపోలేదు. వరాహమిహిరుడి బృహత్సంహితలో పూలను, కాయలను బట్టి పంటలను ఊహించే అధ్యాయమే ఉంది. రేల పూసిన నలభై అయిదు రోజులకు వానలొస్తాయన్న నమ్మకం కూడా ఉంది. రేల పూసేది ఎండకు, వాన వచ్చేది సముద్రం మీదుగా. రెండిటికీ నిజంగా లంకె ఉందో లేదో ఏళ్ల తరబడి తేదీలు రాసి చూస్తే తప్ప తేలదు. మనం అంతగా చెయ్యనిది ఆ రాతపనే. అయితే దానికోసం దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. బడిపిల్లలు, పెద్దలు ఒక చెట్టును ఎంచుకుని వారం వారం దాని చిగురు, పూత, కాయ నమోదు చేస్తారు. తెలుగు బళ్లలో సైన్సు టీచర్లు దీన్ని పట్టుకోవాలి. ఆవరణలో ఒక వేపో, మామిడో, రేలో ఎటూ ఉంటుంది. మొదటి పువ్వు కనబడిన తేదీ, మొదటి గట్టి వాన పడిన తేదీ, ఈ రెండూ ఒకే పుస్తకంలో ఈ ఏడాది నుంచే రాయించండి.