ఫ్యాను పెంచితే వేడి ఎక్కడికి పోతది?

పోయిన నెల రాత్రి పాళీల ముచ్చట రాసిన. ఈసారి మా మనుమని కంప్యూటర్ ముచ్చట. నాలుగో తరగతి చదివినోడు కంప్యూటర్ గురించి ఏం రాస్తడని నవ్వకండి. నలభై ఏండ్లు సాంచెల నడుమ తిరిగిన. మోటారు వేడెక్కిందంటే ఎందుకెక్కిందో వెతికే అలవాటు ఇంకా పోలేదు.

మా ఇల్లు షోలాపూర్‌ల మీ అందరి ఇండ్ల లెక్కనే ఉంటది. ముందొక గది, వెనుక వంట, పైన రేకులు. ఎండలు 40 డిగ్రీలు దాటితే రేకుల కింద ఎట్లుంటదో మీకు చెప్పే పని లేదు. ఆ ముందు గదిలనే కోడలు బీడీలు చేస్తది. ఆ గదిలనే మూలకు కంప్యూటర్. కోడలు బీడీల పైసలు దాచి, చిట్టి ఎత్తి కొన్న సెకండ్ హ్యాండ్ డబ్బా అది. మనుమడు కాలేజీకి పోతడు, పెండ్లి వీడియోలు కత్తిరించి అతికించి నాలుగు పైసలు తెస్తడు. రాత్రయితే ఆటలు ఆడతడు.

ఈ ఎండల్ల ఒకరోజు ఆట నడుమ డబ్బా గట్టిగా మోగుడు పట్టింది. తెర మీద బొమ్మ ఆగి ఆగి కదులుతున్నది. రెండు రోజులకు ఆడుతుండగనే టక్కున ఆగిపోయింది. కొడుకు కారఖానా నుంచి వచ్చి మండిపడ్డడు. "ఆటలాడి ఆడి కాల్చిండు. ఇంత ధర పలికేటప్పుడే అమ్మి పారేద్దాం" అన్నడు. కోడలు మాట్లాడలేదు. తల దించుకొని ఆకు కత్తిరించుకుంట కూసున్నది. చిట్టి ఇంకా ఆరు నెలలు కట్టాలె.

"ఒక్కరోజు ఆగురా" అన్న నేను.

తెల్లారి మనుమడు మళ్ళీ చాలు చేసి చూపించిండు. "తాతా, లోపల గ్రాఫిక్స్ కార్డు అని ఉంటది. ఆట బొమ్మలన్నీ అదే గీస్తది. దాని వేడి ఇక్కడ కనబడతది" అని తెర మీద అంకె చూపించిండు. కొత్త విండోస్ ఉంటే టాస్క్ మేనేజర్‌లనే ఆ అంకె దొరుకుతది. ఆట మొదలైన పావుగంటకు 87 డిగ్రీలు. ఆడేటప్పుడు 65 నుంచి 80 దాకా ఉంటే భయం లేదట. చాలా కార్డులు 83 దగ్గరికి వస్తే తమ వేగం తామే తగ్గించుకుంటయట, కార్డును బట్టి కొంచెం అటు ఇటు. బొమ్మ ఆగి ఆగి వచ్చింది అందుకే. ఇంకా పెరిగితే మొత్తమే ఆగిపోతది. అంటే కాలిపోలేదు, కాలకుండ తనను తాను కాపాడుకున్నది.

కరెంటు తీసేసి, ప్లగ్గు పీకి, పక్క రేకు విప్పిచ్చిన. లోపల చూస్తే నాకు మా పాత ఖాతా యాదికొచ్చింది. కార్డు ఫ్యాన్ల కింద సన్న సన్న అల్యూమినియం రేకులుంటయి, గాలి వాటి సందుల నుంచి పోతేనే వేడి బయటికొస్తది. ఆ సందులన్నీ మూసుకపోయినయి. కొడుకు బట్టలకు అంటుకొని వచ్చే నూలు దుమ్ము, కోడలి చాటల తంబాకు దుమ్ము, రెండూ కలిసి జంపఖానా నేసినట్టు పట్టినయి. సాంచె మోటారు జాలికి దూది పడితే మోటారు కాలదా? ఇదీ అంతే. తప్పు ఆటది కాదు. నేల మీద, గోడకు ఆనించి, బీడీ చాట పక్కన పెట్టిన మా అందరిది.

మెత్తటి బ్రష్షుతోని, చేతి బ్లోయర్‌తోని దుమ్ము దులిపినం. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలుతో పట్టుకోవాలె, ఊరికే గిర్రున తిరగనిస్తే బేరింగు చెడుతది. నోటితో ఊదొద్దు, తుంపర పడతది. తడి గుడ్డ అసలే వద్దు. తర్వాత డబ్బాను ఎత్తు స్టూలు మీద, గోడకు జానెడు దూరం పెట్టినం. ముందట నుంచి చల్లగాలి పోవాలె, వెనుక నుంచి వేడిగాలి రావాలె. మళ్ళీ ఆడి చూస్తే 78. దులిపినా వేడి తగ్గకపోతే కార్డు చిప్పు మీది పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. అది తెలిసినోళ్ళతోనే మార్పించాలె.

మనుమడు హుషారైండు. ఎమ్మెస్సై ఆఫ్టర్‌బర్నర్ అని పుక్కటికి దొరికే సాఫ్ట్‌వేర్ పెట్టి ఫ్యాను వేగం పెంచిండు. 73కు దిగింది. "సూడు తాతా!" అని చప్పట్లు కొట్టిండు. అప్పుడు కోడలు మెల్లగ అన్నది: "మామా, డబ్బా సల్లగైంది సరే. ఆ వేడంతా నా దిక్కు కొడుతున్నది. తడిపి పెట్టిన ఆకు చుట్టకముందే ఎండిపోతున్నది."

నా నెత్తిన కొట్టినట్టయింది. ఫ్యాను వేడిని మాయం చేయదు, ఒక తావు నుంచి ఇంకో తావుకు నెడుతది. కార్డు తాగిన కరెంటంతా ఆఖరికి గదిలనే వేడి అయితది. గదిల మనుషులు కూడ సల్లగ ఉండాలంటే కార్డు తాగే కరెంటే తగ్గాలె.

మనుమడు ఆలోచించి చెప్పిండు. వాని తెర సెకనుకు 60 బొమ్మలే చూపిస్తదట. కార్డేమో 120 దాకా గీస్తున్నది. సగం పని ఎవరికీ కనబడకుండ పోతున్నది! ఆటల సెట్టింగుల 60కి హద్దు పెట్టిండు. నీడలు, మెరుపులు కొంచెం తగ్గించిండు. ఫ్యాను వేగం మళ్ళీ మామూలుకు తెచ్చినా వేడి 68 దాటలేదు. మోత తగ్గింది. కరెంటు కూడ తక్కువ తాగుతది. ఆట నాకైతే ముందటి లెక్కనే కనబడ్డది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. మా ఖాతాల నా జోడీదారు ఒకడు ఎండకాలం పగటి పాళీల సాంచె పక్కనే సొమ్మసిల్లి పడ్డడు. నీళ్ళు కొట్టి లేపి మళ్ళీ నిలబెట్టినం. ఆ నిలబెట్టినోళ్ళల్ల నేనొకణ్ణి. కార్డుకు వేడెక్కితే వేగం తగ్గించుకునే తెలివి పెట్టిండ్రు. మాకు తగ్గించుకునే వీలు లేకుండె, తగ్గిస్తే కూలి తెగేది. ఇప్పుడు కోడలు కూడ అట్లనే, ఎంత ఉడికినా వెయ్యి బీడీల లెక్క అయ్యేదాక లేవదు.

పొద్దున మనుమణ్ణి కూసోబెట్టి ఇదే చెప్పిన. వాడే ఒప్పందం చేసిండు: ఎండకాలం పగటి పూట ఆటలు బంద్, రాత్రి అమ్మ చాట ఎత్తినంకనే. ప్రతి ఆదివారం ఇల్లు ఊడ్చి డబ్బా జాలి దులుపుడు, నెలకోసారి రేకు విప్పి చూసుడు. కొడుకు అమ్మే మాట మళ్ళీ ఎత్తలే. మొన్న తనే బ్లోయర్ పట్టుకున్నడు.

మీ ఇంట్ల పిల్లల డబ్బా మోగితే తిట్టకముందు ఒకసారి లోపల చూడండి. పిల్లలూ, మీరు తెర మీద వేడి అంకె చూసినప్పుడల్లా, అదే గదిల కూసున్న అమ్మ దిక్కు కూడ ఒకసారి చూడండి.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.